తాతల నాటి గిర్ని పక్కనే కాలువ పారుతోంది, చిన్న హైడల్ పెట్టుకోవచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హుజూరాబాద్ దగ్గర మీ తాతగారు నిజాం కాలంలో పెట్టిన వడ్ల గిర్ని ఉంది. చాలా ఏళ్లుగా మూతపడింది. గోడకు ఇరవై గజాల దూరంలో కాకతీయ కాలువ నుంచి వచ్చే డీబీఎం (పొలాలకు నీళ్లు పంచే పిల్ల కాలువ) పారుతోంది. అరకిలోమీటరు కిందికి పోతే ఒక డ్రాప్, అంటే నీళ్లు ఒక్కసారి కిందికి దూకే కట్టడం ఉంది. విదేశాల్లో పాత మిల్లుల దగ్గర కాలువల మీద చిన్న జలవిద్యుత్ కేంద్రాలు నడవడం వీడియోల్లో చూశారు. మన దగ్గర కూడా అలాంటిది పెట్టి గిర్నిని మళ్లీ తిప్పొచ్చా, మిగిలిన కరెంటు అమ్మొచ్చా అని అడిగారు.

ముందు జవాబు చెప్తాను. గోడ పక్కన పారే నీళ్లతో కాదు. డ్రాప్ దగ్గరైతే కరెంటు తీయడం సాధ్యమే, బహుశా 15 నుంచి 25 కిలోవాట్ల దాకా వస్తుంది. కానీ ఆ కరెంటును నమ్ముకుని గిర్ని తెరవొద్దు. గిర్నికి గిరాకీ ఉన్న రోజుల్లో కాలువ కట్టేసి ఉంటుంది. నా అభ్యంతరం యంత్రాల మీద కాదు, క్యాలెండర్ మీద.

నేను ఉత్తర తెలంగాణలో కాలువల మీద నడిచే చిన్న జలవిద్యుత్ యూనిట్ల నిర్వహణలో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. కింద రాసినవాటిలో ఎక్కువ భాగం ఆ కాలువ గట్ల మీద నేర్చుకున్నవే.

కాలువ నిండుగా, జోరుగా పారుతుంటే చూసేవాళ్లకు ఎంతో బలం వృథాగా పోతున్నట్టు అనిపిస్తుంది. కానీ కరెంటు పుట్టేది నీళ్లు పారినందుకు కాదు, దిగినందుకు. లెక్క చాలా చిన్నది. సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లు వస్తున్నాయో, అవి ఎన్ని మీటర్లు దిగుతున్నాయో, ఈ రెండూ గుణించి దాన్ని 9.81తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. టర్బైన్, గేర్, జనరేటర్ అన్నీ కొంత కొంత తినేస్తాయి కాబట్టి చిన్న యూనిట్లకు నేను 9.81 బదులు 7 వేసుకుంటాను. ఆ 7 అందుకోవడానికి కూడా మంచి యంత్రం కావాలి.

మీ డీబీఎంనే తీసుకుందాం. నీళ్లు సగటున 4 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు ఉన్నాయనుకోండి. ఎండిన కట్టె ముక్క ఒకటి వేస్తే 20 మీటర్లు పోవడానికి 25 సెకన్లు పట్టిందనుకోండి. అంటే పైన వేగం సెకనుకు 0.8 మీటర్లు. అడుగున, అంచుల్లో నీళ్లు నెమ్మదిగా పోతాయి కాబట్టి దాన్ని 0.85తో గుణించాలి. 0.68 అవుతుంది. వెడల్పు, లోతు, వేగం గుణిస్తే సెకనుకు 2.72 ఘనపు మీటర్లు, మన భాషలో 96 క్యూసెక్కులు. డ్రాప్ దగ్గర ఇవి 1.2 మీటర్లు దిగితే 2.72 × 1.2 × 7, అంటే దాదాపు 23 కిలోవాట్లు, 30 హెచ్‌పీ. పాత హల్లర్ (వడ్ల పొట్టు తీసే యంత్రం) గిర్నికి 20 నుంచి 30 హెచ్‌పీ కావాలి. కాగితం మీద కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

ఇప్పుడు గోడ పక్కన చూడండి. అక్కడ డ్రాప్ లేదు, ఉన్నది ఆ 0.8 మీటర్ల వేగమే. ఆ వేగాన్ని ఎత్తులోకి మారిస్తే మూడు సెంటీమీటర్లు! కాలువ మొత్తాన్ని ఒక యంత్రంలోకి మళ్లించినా అర కిలోవాటు కంటే కాస్త ఎక్కువ, అంతే. కాలువలో తేలే చక్రం పెడితే చాలని అమ్మకందార్లు మీకు ఫోన్ చేస్తారు. ఈ మూడు సెంటీమీటర్ల లెక్క వాళ్ల ముందు పెట్టండి.

కాలువ అలా ఉండటానికి కారణం ఉంది. ఇంజనీర్లు కాలువ తవ్వేటప్పుడు కిలోమీటరుకు జానెడో మూరెడో దిగేలా తవ్వుతారు. నీళ్లు పైమట్టంలోనే ఉంటే ఎక్కువ ఎకరాలకు పారుతాయి. నేల మరీ దిగిపోయిన చోట మాత్రమే డ్రాప్ కట్టి నీళ్లను ఒక్కసారి కిందికి దించుతారు. అందుకే మన కాలువల మీద కరెంటు ఏదైనా ఉంటే ఆ డ్రాపుల దగ్గరే ఉంది. పెద్దపల్లి ప్రాంతంలో కాకతీయ కాలువ వ్యవస్థ మీద ఉన్న మినీ హైడల్ కేంద్రాల సామర్థ్యం అన్నీ కలిపి 9.16 మెగావాట్లు. మొదట్లో, హెడ్ రెగ్యులేటర్ దగ్గర 9,700 క్యూసెక్కులు మోయగలిగేలా కట్టిన కాలువ అది. అంత పెద్ద కాలువ వ్యవస్థ మీద కూడా సామర్థ్యం అంత తక్కువ ఉండటానికి ఒక పెద్ద కారణం, నీళ్లు ఎన్ని ఉన్నా దిగే ఎత్తు తక్కువ కావడం.

విదేశాల మిల్లుల సంగతి. మీరు చూసిన వీడియో ఏదో నాకు తెలియదు కానీ, ఈ రకం మిల్లుల్లో బాగా పేరున్నది అమెరికాలోని లోవెల్. మెర్రిమాక్ నది అక్కడ దాదాపు 10 మీటర్లు దిగుతుంది. ఆ దిగుడు చూసుకునే అక్కడ బట్టల మిల్లులు పెట్టారు, మిల్లు మిల్లుకూ నీళ్లు అందేలా కాలువలు తవ్వారు. అంటే కాలువ ఉన్నదే మిల్లు కోసం. నీటి చక్రాల స్థానంలో టర్బైన్లు వచ్చాక 1848 ప్రాంతంలో జేమ్స్ ఫ్రాన్సిస్ అనే ఇంజనీరు వాటిని అక్కడే మెరుగుపరిచాడు. మన శ్రీశైలంలో, నాగార్జునసాగర్‌లో తిరిగేవీ ఫ్రాన్సిస్ రకం టర్బైన్లే. ఒక మిల్లు కాలువ గట్టున మొదలైన యంత్రం కృష్ణ దాకా వచ్చింది, నాకు ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది. మన దేశంలోనూ కర్ణాటకలో గోకాక్ జలపాతం దగ్గర నూలు మిల్లు 19వ శతాబ్దం చివరలోనే నీటి బలంతో నడిచింది. అక్కడ ఘటప్రభ 52 మీటర్లు దూకుతుంది. మీ డ్రాప్ దగ్గర సెకనుకు 2,720 లీటర్లతో వచ్చే 23 కిలోవాట్లు అంత ఎత్తు నుంచైతే 63 లీటర్లతో వస్తాయి. ఎత్తు తగ్గేకొద్దీ నీళ్లు ఎక్కువ కావాలి, నీళ్లు ఎక్కువయ్యేకొద్దీ యంత్రం పెద్దదవుతుంది, నెమ్మదిగా తిరుగుతుంది, గేరు కావాలి, సిమెంటు పని పెరుగుతుంది. తక్కువ ఎత్తు హైడల్ ఖరీదంతా అక్కడే ఉంది.

మన దగ్గర వరస తిరగబడింది. వరంగల్ ఆజంజాహి మిల్లు 1934లో రైల్వే స్టేషనుకు దగ్గరలో వెలిసింది. కాకతీయ కాలువకు నీళ్లిచ్చే పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1963లో. మీ తాతగారి గిర్ని కూడా ఆయిల్ ఇంజన్ మీద, రోడ్డు చూసుకుని పెట్టిందే అయి ఉంటుంది. కాలువ చాలా ఏళ్ల తర్వాత వచ్చి గోడ పక్క నుంచి పోయింది. గిర్నికీ ఆ నీళ్లకూ చుట్టరికం లేదు, పొరుగు మాత్రమే.

ఇక క్యాలెండర్. నేను అన్నిటికంటే నొక్కి చెప్పాలనుకున్నది ఇదే. వానాకాలం నీళ్లు చాలా ఏళ్లు జూలై ఆఖర్లోనో ఆగస్టులోనో వదులుతారు, నవంబరు దాకా విడతలుగా నడుస్తాయి. యాసంగికి డిసెంబరు చివర నుంచి మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదటి వారం. అది కూడా తడులుగా, కొన్ని రోజులు వదిలి కొన్ని రోజులు కట్టేస్తూ. పంట గింజ పట్టగానే కాలువ బందు. కోతలు, కల్లాలు, కొనుగోలు కేంద్రాల ముందు వడ్ల కుప్పలు, గిర్నీల ముందు లారీల వరస, ఇదంతా ఆ తర్వాతే. అంటే కాలువ ఆగాకే గిర్ని పని మొదలవుతుంది. నవంబరు, డిసెంబరుల్లో, మళ్లీ ఏప్రిల్, మేలో మీ టర్బైన్ ముందు నాచు ఎండుతూ ఉంటుంది. పెద్ద మిల్లులు వడ్లు నిల్వ పెట్టుకుని ఏడాది పొడవునా ఆడించుకుంటాయి. ఊళ్లో బస్తా, రెండు బస్తాలు తెచ్చి తినడానికి పట్టించుకునే గిర్నికి ఆ వీలుండదు.

అమ్ముకుందామంటారా? 23 కిలోవాట్లు 150 రోజులు ఆగకుండా వస్తే 82 వేల యూనిట్లు. అలా ఎప్పుడూ రాదు. పై రైతులు తూములు ఎత్తుకుంటే 96 క్యూసెక్కులు 50 అవుతాయి, తడికీ తడికీ మధ్య సున్నా అవుతాయి, చెత్త అడ్డుపడుతుంది, కరెంటు లైను ట్రిప్ అవుతుంది. నేను చూసిన యూనిట్ల తీరును బట్టి అందులో సగం లెక్కపెట్టుకోండి, 40 వేల చిల్లర. మీ గిర్ని రేకుల మీద 30 కిలోవాట్ల సోలార్ పెడితే మన ఎండలకు రోజుకు కిలోవాటుకు 4 యూనిట్ల చొప్పున ఏడాదికి 43 వేల యూనిట్లు వస్తాయి. అవి ఏప్రిల్‌లో, మేలో కూడా వస్తాయి. జీవితమంతా నీళ్ల కరెంటుతో గడిపిన నేను ఈ మాట చెప్పడం కష్టంగానే ఉంది. అయినా మీ డబ్బు సంగతి కాబట్టి చెప్తున్నాను.

ఇంతా విని కూడా డ్రాప్ దగ్గర ప్రయత్నిస్తామంటే, నేను స్వయంగా చూసిన మూడు విషయాలు చెప్తాను. ఊర్ల పేర్లు వద్దు.

మొదటిది డ్రాప్ ఎత్తు. డ్రాప్‌ను ఎండాకాలంలో కొలవొద్దు. ఒక చోట కాలువ ఎండి ఉన్నప్పుడు టేపుతో పై అంచు నుంచి కింది నేల దాకా కొలిచి 1.9 మీటర్లు అని రాసుకున్నారు. దానికి తగ్గ యంత్రం తెప్పించారు. ఆగస్టులో నీళ్లు వచ్చాక చూస్తే డ్రాప్ కింద కూడా మీటరుకు పైగా నీళ్లు నిలబడి పారుతున్నాయి. పైన నీటి మట్టానికీ కింద నీటి మట్టానికీ మధ్య అసలు తేడా 1.1 మీటర్లే మిగిలింది. కాలువ ఎంత నిండితే కింద అంత పైకి లేస్తుంది. ఆ యంత్రం పనిచేసినన్నాళ్లూ అనుకున్న కరెంటులో సగం దాటలేదు. అందులో నేను చేరేనాటికే ఆర్డరు అయిపోయింది. ఆ అంకె ఎవరు రాశారని ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒకరినొకరు అడుక్కుంటూనే ఉన్నారు.

రెండోది, నాకు ఇప్పటికీ నిద్రలో గుర్తొచ్చేది. రాత్రి పన్నెండు దాటాక గాలివానకు లైను ట్రిప్ అయింది. జనరేటర్ మీద లోడు పోగానే టర్బైన్ వేగం అందుకుంటుంది, మామూలు వేగానికి రెట్టింపు దాకా పోగలదు. అందుకని దాని గేటు దానంతట అదే మూసుకుంటుంది. ఆ రోజు మూసుకుంది. కానీ పక్కనున్న బైపాస్ గేటు తెరుచుకోవాలి కదా, అది తుప్పు పట్టి సగంలో ఆగిపోయింది. కాలువ నీళ్లకు దారి లేదు. వెనక్కి తన్నాయి. నేను, ఇద్దరు హెల్పర్లు, లస్కర్ (కాలువ చూసుకునే మనిషి) కలిసి చేతులతో గేటు ఎత్తేసరికి గంట దాటింది, అప్పటికే ఎగువన ఒక చోట గట్టు మీదుగా నీళ్లు పొర్లి రెండెకరాల నాటు మడి కొట్టుకుపోయింది. తెల్లవారి ఆ రైతు వచ్చి తిట్టలేదు, గట్టు మీద కూర్చుండిపోయాడు. మళ్లీ నారు దొరికే సమయం కాదది. అప్పటి నుంచి నేను ఎక్కడ పనిచేసినా ప్రతి వారం బైపాస్ గేటు ఎత్తి దించి చూడందే రిజిస్టరులో సంతకం పెట్టలేదు.

కాబట్టి డిజైన్ గీసేవాళ్లు ఎవరైనా సరే, టర్బైన్ ఆగిన క్షణంలో మొత్తం నీళ్లు పోయే దారి, కరెంటుతోనూ మనిషితోనూ పని లేకుండా పనిచేసే దారి ఉందా అని మొదట అడగండి. పక్కనే పొర్లుకట్టు లాంటి గోడ కట్టి, మట్టం పెరిగితే నీళ్లు వాటంతట అవే దాని మీద నుంచి దూకిపోయేలా ఉంటే అన్నిటికంటే మేలు. గేట్లను నమ్మొద్దు.

మూడోది చెత్త. ఇది చిన్న విషయం అనుకుంటారు. గుర్రపుడెక్క, నాచు, గడ్డి మోపులు, ప్లాస్టిక్ సంచులు, బతుకమ్మ పండుగ తర్వాత పూలు, అప్పుడప్పుడూ చనిపోయిన గొర్రె. టర్బైన్ ముందు ఇనుప కడ్డీల జల్లెడ ఉంటుంది, అవన్నీ దానికి అతుక్కుంటాయి. పెద్ద డ్యాముల్లో ఒక అడుగు ఎత్తు పోయినా తెలియదు, మీకున్నదే 1.2 మీటర్లు. జల్లెడ మూసుకుని 30 సెంటీమీటర్లు పోతే మీ కరెంటులో నాలుగో వంతు పోయినట్టే. పారకంలో ఉన్నన్ని రోజులూ పొద్దున, రాత్రి ఒక మనిషి పళ్ల దంతెతో చెత్త లాగాలి. జీతం లెక్కలో రాయండి. నీళ్ల మీద వంగి చేసే పని కాబట్టి నడుముకు తాడు, కటకటాలు లేకుండా ఎవరినీ దింపొద్దు. కాలువలో పడినవాళ్లు సిమెంటు లైనింగు మీద పట్టు దొరక్క పైకి రాలేరు.

జనరేటర్ గురించి కొంచెం. మామూలు త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటారునే దాని వేగం కంటే కొంచెం ఎక్కువగా తిప్పితే కరెంటు ఇస్తుంది, నిమిషానికి 1,500 చుట్ల దగ్గర తిరిగేదాన్ని 1,525, 1,530కి తీసుకెళ్తే చాలు. అది చవక, గట్టిది. లైనుకు కలిపి ఉన్నంతసేపూ బాగుంటుంది. లైను లేకుండా గిర్ని ఒక్కదానికే వాడాలంటే కెపాసిటర్లు, మిగిలిన కరెంటును హీటర్లలోకి మళ్లించే కంట్రోలర్ కావాలి. లైనుకు కలిపితే మాత్రం లైను చచ్చిన మరుక్షణం మీ జనరేటర్ విడిపోయే రక్షణ తప్పనిసరి. లేదంటే కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ కాలువ కరెంటు తగులుతుంది. ఈ పని ఊరి ఎలక్ట్రీషియన్‌తో చేయించొద్దు.

అనుమతుల గురించి క్లుప్తంగా. కాలువ, డ్రాప్, గట్టు అన్నీ నీటిపారుదల శాఖవి. మీ భూమి పక్కన ఉన్నంత మాత్రాన ఒక రాయి కూడా పెట్టలేరు. వాళ్ల రాతపూర్వక అనుమతి ముందు, ఆ తర్వాతే పునరుత్పాదక ఇంధన సంస్థ, హనుమకొండలోని విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్‌పీడీసీఎల్, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్. మన దేశంలో 100 కిలోవాట్ల దాకా మైక్రో హైడల్ అంటారు, 25 మెగావాట్ల దాకా అంతా స్మాల్ హైడ్రో కిందే వస్తుంది. దరఖాస్తులో సరైన మాట రాయండి. డిజైన్ చూపించుకోవాలంటే ఐఐటీ రూర్కీలో చిన్న జలవిద్యుత్ మీద 1982 నుంచి పనిచేస్తున్న విభాగం ఉంది, వాళ్లను అడగడం మంచిది. ఖర్చు సంగతి, నేను దగ్గర నుంచి చూసిన చిన్న యూనిట్లలో కిలోవాటుకు లక్షన్నర, రెండు లక్షలకు తక్కువైనది లేదు, అందులో సగం సిమెంటు పనికే.

మరి గిర్నిని ఏం చేయాలి? మీరు పెట్టిన ఫొటోలో దూలం కింద పొడవాటి షాఫ్టు, దాని మీద పట్టాల చక్రాలు కనిపించాయి. దయచేసి దాన్ని పాత ఇనుము కింద అమ్మకండి. లోవెల్ మిల్లుల్లో నీళ్లు తిప్పింది కూడా అలాంటి షాఫ్టునే. బేరింగులు కడిగి, కొత్త పట్టాలు వేసి, ఒక చివర 25 హెచ్‌పీ మోటారు బిగిస్తే అది మళ్లీ తిరుగుతుంది. పైన సోలార్, పక్కన మామూలు త్రీ ఫేజ్ కనెక్షను. దంపుడు బియ్యం లాంటి తక్కువ పాలిష్ బియ్యానికి ఇప్పుడు వరంగల్, కరీంనగర్‌లలో అడిగి కొనేవాళ్లున్నారు, హల్లర్ పాతదైనా ఒక పట్టుతో ఆపేస్తే సరిపోతుంది. నేనైతే ఆ దారిలో పోతాను.

డ్రాప్ మీద ఆశ వదులుకోమని నేను చెప్పడం లేదు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు రెండు మట్టాల తేడా 2.5 మీటర్లు దాటి, నీటి సంఘం రైతులు కూడా భాగం కలిస్తే నా జవాబు మారుతుంది. మీ ఒక్క గిర్ని కోసం కాకుండా ఊరి తాగునీటి మోటార్లకు, వీధి దీపాలకు వాడుకునేలా ఆలోచించొచ్చు. ఊరి చెరువు మత్తడి (అలుగు) మీద పెట్టొచ్చా అని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. అది ఏడాదిలో పడేదే కొన్ని రోజులు, దాని మీద పెట్టుబడి వద్దు.

ఈ వానాకాలం నీళ్లు వదిలాక ఐదారు రోజులు ఆగండి, కాలువ నిలకడ మీదికి వస్తుంది. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకపు నీటి గొట్టం ఒకటి తీసుకుని డ్రాప్ పైన, కింద నీటి మట్టాల తేడా కొలవండి. కట్టె ముక్క వేసి వేగం చూడండి, నీళ్ల వెడల్పు, లోతు కూడా రాసుకోండి. వారానికోసారి, నవంబరు దాకా. కాలువ బందైన రోజులన్నీ మీ లస్కర్ నోటుబుక్కులో ఉంటాయి, ఆయన్ని అడిగి తేదీలు రాసుకోండి. ఆ అంకెలన్నీ ఇక్కడ పెట్టండి, లెక్క నేను వేసిస్తాను.